లింగము వెంట నడచును

శరణులారా!

గతమాసమున ఒక పదునేడేండ్ల బాలుడు మా మఠమునకు వచ్చెను. ఐదవయేట నుండి ఈ మఠముననే పెరిగినవాడు. వేకువనే స్నానము, విభూతిధారణము, లింగపూజ, పిమ్మట పంక్తిలో ప్రసాదము. ఇంతకు మించిన లోక మెరుగడు. చదువునకై హైదరాబాదు పోయి ఆరుమాసములైనది. గద్దెకు మ్రొక్కి నా యెదుట కూర్చుండెను గాని తల యెత్తలేదు. కొంతసేపటికి, "స్వామీ, నేను లింగమును పెట్టెలో దాచితిని" అనెను.

వసతిగృహమున చొక్కా విప్పినపుడు తోటివారు లింగకాయను చూచి "ఇదేమి తాయెత్తురా?" అని నవ్విరట. వానికి బదులు తోచలేదట. ఆ రాత్రియే శివదారము విప్పి, గుడ్డలో చుట్టి, పెట్టె యడుగున నుంచెను. నాటినుండి పూజ లేదు. కంటికి నిదురయు లేదు. లింగము దేహమునకు దూరమైనచో ప్రాణము పోయినట్లేనని వాడు మా నోటనే వినియుండెను.

నాకు కోపము వచ్చెను. మరుక్షణమున సిగ్గు కలిగెను. పండ్రెండేండ్లు మా చెంత నుంచుకొని, ఎట్లు పూజింపవలెనో నేర్పితిమి. ఏల ధరింపవలెనో ఒక్కనాడైనను చెప్పమైతిమి. బదులు నేర్పని తప్పు మాది. శిక్ష మాత్రము వానికా?

అతనితో ఇట్లంటిని: "నాయనా, బసవేశ్వరుడును పిన్నవయసుననే ఇల్లు వీడినవాడు. ఉపనయనము నొల్లక, బాగేవాడిని విడచి కూడలసంగమము చేరెను. పిదప కల్యాణనగరమున బిజ్జలుని కొలువున భండారి యయ్యెను. ఆ నగరమున ధనము లేదా? పరిహాసము లేదా? అన్నియు నుండెను. గుడి కదలదు. గుడివాకిట నిలువనీయని జనులును ఆనాడు కలరు. అందుచే 12వ శతాబ్దమున ఆ మహనీయుని శరణసంఘమున, చెప్పులు కుట్టు హరళయ్యకును, పడవ నడుపు చౌడయ్యకును లింగము అరచేతిలోనికే వచ్చెను. పయనించువాని కొరకే ఇష్టలింగము. మఠపు గోడల నడుమ మాత్రమే నిలుచునదైనచో, దానిని మెడను కట్టనేల?

ఇక నవ్వినవారికి కోపింపక చెప్పుము: 'ఇది తాయెత్తు కాదు, నా దైవము. ఇది నా యెదపై నున్నంతవరకు ఏ మనుష్యుని తక్కువగా చూచుటకు నాకు హక్కు లేదు.' నీ చదువే నేడు నీ కాయకము. తెలియనివానికి ఒక లెక్క చెప్పుటయు, ఆకలిగొన్నవానితో నీ అన్నము పంచుకొనుటయు దాసోహము. ఉదయమున పావుగంట ఎడమ అరచేతి లింగముపై చూపు నిలుపుము. అది చాలును."

"మరల ధరించుటకు నే నర్హుడనా?" అని వాడు వణకుచు నడిగెను. "ప్రాణముతో పోల్చుట ప్రేమ తెలుపుటకే గాని, బిడ్డను భయపెట్టుటకు కాదు. విప్పినదానిని మరల కట్టుటకే గురువున్నాడు" అంటిని. స్నానము చేసి వచ్చిన పిమ్మట నా చేతులతోనే కట్టితిని. అప్పుడు వాడు ఏడ్చెను.

నగరమున వానిని మరల నవ్వుదురేమో, వాడు మరల విప్పునేమో నే నెరుగను. కాని ఈసారి బదులు వాని వెంట నున్నది.

తలిదండ్రులారా! బిడ్డలను పైచదువులకు పంపునపుడు పచ్చళ్ల జాడీలును, కొత్తబట్టలును మూట గట్టెదరు. ఆ ముందునాటి రాత్రి బిడ్డను దగ్గర కూర్చుండబెట్టుకొని, మెడలోని దానికి అర్థమేమో చెప్పుడు. మీకు తెలియనిచో మఠమునకు వచ్చి మమ్మడుగుడు. చెప్పుట మా ఋణము.

శరణు శరణార్థి.