ఆప్తవాక్యము
గత మాసమున మా కారును, కొన్నచోటికే సర్వీసునకు తీసికొనిపోయితిమి. అచ్చటి యువకుడు "వాల్వులపై మసి పేరుకొన్నదండీ, పెట్రోలులో ఈ సీసా మందు పోయింపవలెను" అనెను. బండితో నిచ్చిన పుస్తకమున ఆ మందు ప్రసక్తియే లేదు.

మసి మాట అబద్ధము కాదు. పెక్కు బండ్లలో పెట్రోలు గాలితో గూడి వచ్చుచు, గాలి లోనికి వచ్చు వాల్వును కడుగుచుండును. మా బండిలో నది నేరుగా సిలిండరులోనికే చిమ్మబడును. కడుగువారు లేక, ఇంజనులోని నూనె యావిరి ఆ వేడి వాల్వు వెనుక నంటి గట్టిపడును. అయినచో, పెట్రోలే పోని చోటికి పెట్రోలులోని మందెట్లు పోవును? అడిగితిమి. "అందఱును పోయించుకొనుచున్నారండీ!" ఇదియే బదులు. గట్టిపడిన మసిని విప్పి, అక్రోటు పెంకుల పొడిని గాలితో కొట్టి రాల్చుదురు. అది వేఱు పని, వేఱు వెల.

న్యాయభాష్యమున వాత్స్యాయనుడు ఆప్తునియందు రెండు గుణములు కోరెను: విషయమును స్వయముగా నెఱుగుట, ఎఱిగినదానిని ఉన్నదున్నట్లు చెప్పగోరుట. ఆ యువకునకు మొదటిది లేదేమో. రెండవదానికి, నెలకిన్ని సీసాలమ్మవలెనను పైవారి యుత్తరువు అడ్డు. అతనిని నిందింప మాకు మనసొప్పలేదు.

సీసా వలదని వచ్చితిమి. దారిలో నొకటి జ్ఞప్తికి వచ్చెను. మొన్న జూనులో నొక తండ్రి యడుగగా, మేము తెఱచియైన చూడని గైడును కొనుమని చెప్పియుంటిమి.