పలక మీద నిలబడటం

మంచు మీద నిలబడటం నేర్చుకుందామని నేను మొదట చేసిన పని, ఎక్సెల్ షీట్ తెరవడం. వృత్తిరీత్యా వచ్చిన జబ్బు.

సియాటిల్ నుంచి తూర్పుకు గంట ప్రయాణంలో స్నొక్వాల్మీ కనుమ ఉంది. రెండు చలికాలాలు అక్కడ మామూలు స్నోబోర్డ్ మీద పడుతూ లేస్తూ గడిపాక, పోయిన ఏడాది ఆల్పైన్ బోర్డుకు మారాను. అది సన్నగా, బిరుసుగా ఉంటుంది. బూట్లు కూడా గట్టి ప్లాస్టిక్‌వే. బోర్డు వెడల్పు తక్కువ కాబట్టి పాదాలు అడ్డంగా పెడితే బూటు కొనలు మంచుకు తగిలి పడేస్తాయి. అందుకని రెండు పాదాలూ ముందుకు తిప్పి బిగించాలి. నేను ముందు కాలు 60 డిగ్రీల్లో, వెనక కాలు 55లో పెట్టుకున్నాను.

దీని మీద చేసేదాన్ని కార్వింగ్ అంటారు. బోర్డును అంచు మీదికి వాల్చి, ఆ అంచుకున్న వంపే మనల్ని తిప్పేలా వదిలేయడం. బాగా కుదిరితే మన వెనక మంచులో కత్తితో గీసినట్టు సన్నటి గీత మిగులుతుంది. కుదరకపోతే చీపురుతో ఊడ్చినట్టు వెడల్పాటి చార. లెక్క కూడా తేలికే. గట్టి మంచు మీద, అంచు వంపు వ్యాసార్ధాన్ని వాలు కోణపు కొసైన్‌తో గుణిస్తే మలుపు వ్యాసార్ధం ఇంచుమించుగా వస్తుంది. 10 మీటర్ల అంచును 60 డిగ్రీలు వాలిస్తే 5 మీటర్ల మలుపు. ఇదంతా ఇంట్లో కూర్చున్నప్పుడు నాకు బాగా తెలుసు. కొండ మీద మాత్రం నా వెనక అన్నీ చీపురు చారలే.

చివరికి డబ్బు కట్టి పాఠానికి వెళ్ళాను. రెండు గంటలకు రెండు వందల డాలర్ల పైమాటే. నేర్పే ఆయన నా మలుపులు మూడు చూసి నవ్వాడు. వీడియోల్లో మంచి కార్వర్ల చెయ్యి మంచును రాస్తూ పోతుంది కదా, నేనూ నడుము దగ్గర వంగి చెయ్యి కిందికి చాపుతున్నాను. దాంతో అంచు మీద ఉండాల్సిన బరువు అక్కడినుంచి తప్పుకుంటోంది. బాగా వాలినవాడికి చెయ్యి దానంతటదే తగులుతుంది. నేను చెయ్యి తగిలించి, వాలాననుకుంటున్నాను. "మోకాళ్ళు వంచు, తుంటిని కిందికి దించు, పోవాల్సిన చోటు చూడు. కిందికి చూస్తే కిందికే పోతావు" అన్నాడు.

ఆ చివరి మాట నేను ఇంతకుముందే విన్నాను. దువ్వూరులో.

కడప జిల్లాలో మాది కేసీ కాలువ కింది ఊరు. వరి మడులు ఎక్కువ. నాట్లకు ముందు అడుసు చదును చేయాలంటే ఎడ్లకు ఒక చెక్క పలక కట్టి, దాని మీద మనిషి నిలబడి తోలేవాడు. ట్రాక్టర్లు వచ్చినా మా చిన్న మడుల్లో ఇంకొన్నేళ్ళు ఎడ్లే నడిచాయి. మా ఇంట్లో ఆ పని చేసేది ఒకాయన. మిట్ట వచ్చినచోట ముందుకు ఒరిగి బరువేస్తే పలక బురదను లాగేది. పల్లం రాగానే వెనక్కి ఒరిగితే అక్కడ వదిలేసేది. కాసేపటికి మడి అద్దంలా ఉండేది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఏడ్చి గోలచేసి ఆ పలక ఎక్కాను. నాలుగడుగులకే బురదలో పడ్డాను. "కిందికి సూస్తే కిందికే పోతావబ్బీ, ఎద్దుల దిక్కు సూడు" అన్నాడాయన. మిట్ట ఎక్కడుందో ఎట్లా తెలుస్తుందని అడిగితే, "కాళ్ళకు తెలుస్తాది" అన్నాడు.

ఈయనకు చెప్పడం రాదు అనుకున్నాను. నిజానికి ‘ఈయన’ అని కూడా అనుకోలేదు. ఆయనది మా తాత వయసు. పిల్లలం కూడా ‘వాడు’ అనే అనేవాళ్ళం.

చెప్పలేనిది తెలిసినట్టా, కాదా? 1949లో గిల్బర్ట్ రైల్ ‘ది కాన్సెప్ట్ ఆఫ్ మైండ్’లో, ఫలానాది అని తెలియడం వేరు, ఎలాగో తెలియడం వేరు అన్నాడు. రెండోది మొదటిదానికి నకలు కాదనీ, తెలివి చేతలోనే ఉండొచ్చనీ ఆయన వాదన. 1958లో మైకేల్ పొలానీ సైకిల్ ఉదాహరణ ఇచ్చాడు. సైకిల్ పడకుండా ఉండటానికి ఒక గణిత సూత్రం ఉంది, తొక్కేవాళ్ళకు అది తెలియదు, తెలిసినంత మాత్రాన తొక్కడమూ రాదు. నా ఎక్సెల్ షీట్ గతి అదే. బళ్ళో నేను పట్టుకున్నదీ పలకే, మడిలో ఆయన ఎక్కిందీ పలకే. మా ఇంట్లో చదువు అనే మాట ఒక పలకకే దక్కింది.

ఇక్కడి దాకా వచ్చి ఆయన్ని పొగిడి వ్యాసం ముగించడం తేలిక. కానీ ఆ పొగడ్త నాకే అనుమానంగా ఉంది. ‘అది వాళ్ళ రక్తంలోనే ఉంది’ అనే మాటతో మనుషుల్ని తరాల తరబడి బురదలోనే ఉంచాం. ఆయన కొడుకు ప్రొద్దుటూరులో ఆటో నడుపుతాడు. పలక వదిలినందుకు అతనికి రవ్వంత బాధ లేదు, ఉండాల్సిన పనీ లేదు. నేను పడేది సరదాకు, ఇన్సూరెన్స్ పెట్టుకుని. ఆయన పడితే ఆ రోజు కూలి. రెండూ ఒకటే అనడం అబద్ధం.

అయినా ఒక లెక్క తేలడం లేదు. 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకం ఎందరి కడుపో నింపింది, అందులో ఆయనా ఉన్నాడు. ఆ చట్టంలో ఈ పనికి ‘అన్‌స్కిల్డ్ మాన్యువల్ వర్క్’ అని పేరు. చట్టం ఆ మాట పనికి వాడింది. మనం దాన్ని మనిషికి అంటించాం. ఆయనకు నైపుణ్యం లేదని తీర్మానించుకున్నాక కూలి తక్కువ ఇవ్వడం అన్యాయంగా కనిపించదు, లెక్కలాగా కనిపిస్తుంది. ఒకే మాటకు కొండ మీద నేను రెండు వందల డాలర్లిచ్చాను. మడిలో అది ఉచితంగా వచ్చింది, నేను నవ్వాను.

ఈ మార్చిలో ఒక పొద్దున నా వెనక మూడు మలుపుల పొడవునా సన్నటి గీత కనిపించింది. ఎలా వచ్చిందో చెప్పలేను. ఆ సాయంత్రం నాయనకు ఫోన్ చేసి ఆయన పూర్తి పేరేంటని అడిగాను. మేం పిలిచిందంతా సగం పేరే. "ఇప్పుడెందుకు, పోయి ఏడేళ్ళాయె గదా" అన్నాడు నాయన.

కాసేపు ఆలోచించాడు. నాయనకూ తెలియలేదు.