చేను మనది, ఊట ఎవరిది?

మొన్న మా బడి పిల్లలను ఏటికొప్పాక తీసుకెళ్లాం. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 రిపబ్లిక్ దినోత్సవం నాడు ఢిల్లీలో మన రాష్ట్ర శకటం ఆ బొమ్మలదే. దారి పొడవునా ఈ సంగతులే చెప్పాం కానీ పిల్లలకు ఎక్కలేదు. పనిశాలలో అడుగు పెట్టగానే వాళ్ల చూపు మూలన పేర్చిన కర్రల మీద పడింది. "మాస్టారూ, అంకుడు!" అని ఒకేసారి అరిచారు. తమ కొండ మీది చెట్టును పరాయి ఊళ్లో చూసిన సంబరం అది.

అంకుడు తెల్లగా, మెత్తగా ఉంటుంది. లేత్ మీద తిప్పితే ఉలికి సాఫీగా లొంగుతుంది, లక్క దానికి బాగా పడుతుంది. కొమ్మ నరికితే మళ్లీ చిగురిస్తుంది, కానీ చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. కొండ మీద తరిగేకొద్దీ కింద బొమ్మకు కర్ర కరువవుతోంది. పనివాళ్లు ఆ మాటే చెబుతుంటే మా పిల్లవాడొకడు, "మా నీలగిరి కర్రతో చేసుకోవచ్చు కదా?" అన్నాడు. బొమ్మ తిప్పుతున్నాయన చెయ్యి ఆపలేదు. "అది ఎండితే పగిలిపోద్ది బాబూ" అన్నాడు. పిల్లవాడి మొహం చిన్నబోయింది. నిరుడు వాళ్ల నాన్న చోడి, సామ వేసే మెట్టంతా నీలగిరి పెట్టాడు.

తిరిగి వస్తుంటే బస్సులో వాడు మమ్మల్ని అడిగాడు: "అయితే మా నాన్న తప్పు చేశాడా?"

బడిలో మేము ఇలాంటి ప్రశ్నలకు తేలికగా జవాబు చెప్పేస్తాం. నీలగిరి విదేశీ చెట్టు, నీళ్లు తాగేస్తుంది, చెడ్డది, రాసుకోండి. ఈసారి అలా అనలేకపోయాం. విదేశీ కావడమే తప్పయితే మన చింత చెట్టును ఏమనాలి? అది పుట్టింది ఆఫ్రికాలో. జీడిమామిడి, సీతాఫలం, మొక్కజొన్న, మిరప అమెరికా ఖండం నుంచి వచ్చాయి. వాటిలో ఏదీ లేని సంత మన కొండల్లో ఉందా?

పైగా నీలగిరికీ ఒక సొంత ఊరుంది. ఆస్ట్రేలియాలో ఆ జాతులు 700కు పైనే. మర్రే నది ఒడ్డున అక్కడి ఆదివాసులు ఎర్రగమ్ చెట్టు బెరడును, చెట్టు చావకుండా, పడవ ఆకారంలో ఒలిచి తీసేవారు. ఆ మచ్చలున్న ముసలి చెట్లు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. మనకు ఇప్పచెట్టు ఎలాగో వాళ్లకు అదీ అలాగే. దాన్ని దెయ్యపు చెట్టని తిడితే మన బంధువుల ఇంటి చెట్టునే తిట్టినట్టు.

ఆ చెట్టు మన దేశానికి ఎలా వచ్చిందంటే, 1790 ప్రాంతంలో టిప్పు సుల్తాన్ నందికొండల్లో నాటించాడని చెబుతారు. మన మైదానాల్లో ఎక్కువగా పెంచే టెరిటికార్నిస్ జాతికి మైసూర్ గమ్ అనే పేరు అందుకే. తర్వాత కాగితం మిల్లులు వచ్చాయి. భద్రాచలం దగ్గర సారపాకలో 1980ల చివర నుంచి క్లోన్ మొక్కలు తయారుచేశారు. ఒక తల్లి చెట్టు కొమ్మల నుంచి లక్షల మొక్కలు, అన్నీ ఒకటే ఎత్తు, ఒకటే లావు. నాలుగైదేళ్లకు కోత. మోడు నుంచి మళ్లీ చిగురు, మళ్లీ కోత. మేకలు ముట్టవు, కలుపు తీసే మనిషి అక్కర్లేదు. కూలికి వలసపోయే ఇంటికి ఇంతకన్నా అనువైన పంట ఏముంది? ఈ పుస్తకం అచ్చయిన కాగితంలోనూ ఆ గుజ్జు కొంత ఉండే ఉంటుంది. కాబట్టి ఆ తండ్రి మీద రాయి వేసే ముందు మా చేతిలో ఏముందో చూసుకున్నాం.

అయినా ఒక మాట మింగుడుపడదు. "నా చేను, నా ఇష్టం" అనే మాట. ఇది మన పెద్దల మాట కాదు. పట్టాతో పాటు వచ్చిన మాట. నాతవరం, గొలుగొండ, రావికమతం వైపు మన ఊళ్లు చాలా షెడ్యూల్డు ప్రాంతం బయటే ఉండిపోయాయి. 1/70 చట్టం అండ లేదు. అక్కడ కాగితమే ప్రాణం. ఆ కాగితం కోసం పోరాడాం, పోరాడాలి కూడా. కానీ కాగితం మీద చేనుకు నాలుగు హద్దులుంటాయి. నీలగిరి వేరుకు ఆ హద్దులు తెలియవు. పంటభూమిలో పెట్టిన నీలగిరి, ఆ ఏడు పడిన వానతో సరిపెట్టుకోక, కింది పొరల్లో దాగిన నీటిని కూడా లాగుతుందని కర్ణాటకలో కొలిచి చూశారు. 1983లో తుమకూరు జిల్లా రైతులు నర్సరీలోకి వెళ్లి నీలగిరి మొక్కలు పీకి, చింత, మామిడి గింజలు వేశారు. వాళ్ల కోపం వెనక ఉన్నది చెట్టు మీద పగ కాదని మేము అనుకుంటున్నాం. తమను అడగకుండా తమ నీళ్ల గురించి ఎవరో నిర్ణయించారు.

ఇక్కడ నిర్ణయించింది పైవాడు కాదు, మనవాడే. అందుకే ప్రశ్న కష్టమైంది. గెడ్డ ఎండితే మొదట ఎండేది దిగువ ఇంటి బిందె. ఆ ఇంటావిడను ఎవరూ అడగలేదు. అంకుడు పోతే ఏటికొప్పాకలో ఒక లేత్ ఆగుతుంది. ఆ పనివాడినీ ఎవరూ అడగలేదు. అతను మన కొండ ఎక్కి ఉండడు, మనలో చాలామంది అతని బొమ్మ కొని ఉండరు. అయినా ఇద్దరి అన్నం ఒకే చెట్టు మీద ఉంది. అడగకపోవడమే తప్పని మేము అనుకుంటాం. నీలగిరి పెట్టడం దాని తర్వాతి సంగతి. అందరూ కూర్చుని, గెడ్డకు ఇంత దూరం వదిలి పెట్టుకుందాం, గట్టున అంకుడు ఉంచుదాం అనుకుంటే అదే చెట్టు వేరే చెట్టవుతుంది. పోడు కొట్టే రోజుల్లో ఏ వాలు ఎవరు కొట్టాలో, ఏది వదలాలో పెద్దలు అలాగే కూర్చుని తేల్చేవారు.

పిల్లవాడికి బస్సులో ఇంత చెప్పలేదు. "మీ నాన్నను అడిగి చూద్దాం" అన్నాం, అంతే. మర్నాడు వాడు జంట కాయలున్న అంకుడు రెమ్మ ఒకటి బడికి తెచ్చాడు. లోపల గింజకు దూది లాంటి కుచ్చు ఉంటుంది, ఊదితే తరగతంతా ఎగిరింది. కొన్ని ఏరి బోరింగు పక్కన మట్టిలో వేశాం. వాళ్ల నాన్నతో మాత్రం ఇంకా మాట్లాడలేదు. పెద్దకూతురి నర్సింగు ఫీజు కోసం ఆయన తోట మీద అడ్వాన్సు తీసుకున్నాడని నిన్ననే తెలిసింది.