పేరు నమ్మి తినడం

2007 మే నెలలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక చేసింది. చైనా నుంచి దిగుమతైన కొన్ని పెట్టెల మీద మాంక్‌ఫిష్ అని ఉంది గానీ లోపల ఉన్నది పఫర్ ఫిష్ కావచ్చు, కొనకండి, తినకండి అని. అప్పటికే షికాగో ప్రాంతంలో ఇద్దరు ఆ చేపతో ఇంట్లో సూప్ చేసుకుని తాగి జబ్బుపడ్డారు. ఒక్కోటి 22 పౌండ్ల చొప్పున 282 పెట్టెలు, 2006 సెప్టెంబరు నుంచీ, మూడు రాష్ట్రాల టోకు వర్తకులకు చేరాయి.

పఫర్ ఫిష్ అంటే బెదిరినప్పుడు ఒళ్ళు బంతిలా ఉబ్బించుకునే చేప. దాని కాలేయంలో, గుడ్లలో, కొన్ని జాతులకైతే కండలో కూడా టెట్రోడోటాక్సిన్ అనే విషం ఉంటుంది. ముందు పెదాలు, నాలుక తిమ్మిరెక్కుతాయి. విషం ఎక్కువైతే ఊపిరి తీసుకునే కండరాలు కదలవు. ఉడకబెట్టినా, గడ్డకట్టించినా ఈ విషం పోదు. విరుగుడు మందు లేదు. అంటే ఆ వంటింట్లో ఎంత శుభ్రంగా కడిగినా, ఎంతసేపు ఉడికించినా లాభం లేదు. కాపాడగలిగింది ఒక్కటే: పెట్టె మీద సరైన పేరు.

ఇదే చేపల కుటుంబాన్ని జపాన్‌లో ఫుగు పేరుతో డబ్బు పోసి మరీ తింటారు. లైసెన్సు ఉన్న వంటవాళ్ళే దాన్ని కోయాలి. 1975లో బాందో మిత్సుగొరో అనే పేరున్న కబుకి నటుడు క్యోటోలో ఫుగు కాలేయం తిని చనిపోయాడు. తెలివితక్కువ పని అనొచ్చు, అనకపోవచ్చు. కానీ తాను తింటున్నది ఫుగు అని ఆయనకు తెలుసు. షికాగోలో సూప్ తాగినవాళ్ళకు తెలీదు. విషం ఒకటే. ఒకచోట మనిషి తన ప్రాణంతో తానే పందెం కాశాడు. రెండోచోట వాళ్ళ ప్రాణంతో పందెం కాసింది వేరొకరు. తప్పుడు పేరు చేసే అసలు అన్యాయం ఇదీ అని నాకనిపిస్తుంది. తినాలా వద్దా అనే నిర్ణయాన్ని, తినేవాడికి తెలియకుండానే వాడి చేతిలోంచి లాగేసుకోవడం.

పోనీ, ఎవరికీ ఏమీ కాలేదనుకుందాం. అప్పుడు తప్పు లేనట్టేనా?

ఓషియానా సంస్థ 2013లో ప్రకటించిన పరిశీలనలో, అమెరికాలో వైట్ ట్యూనా పేరుతో అమ్మిన నమూనాల్లో 84 శాతం ఎస్కొలార్ అనే వేరే చేప. దాంట్లో ఉండే ఒకరకం మైనపు నూనె మనకు అరగదు. కొందరికి నూనె విరేచనాలు పట్టుకుంటాయి. జపాన్ ఎప్పుడో దాని అమ్మకాన్ని నిషేధించింది. చాలామందికి ఏమీ కాదు, రుచిగా కూడా ఉంటుందంటారు. అయితే ఇంకో ఉదాహరణ చూడండి. పాదరసం ఎక్కువ కాబట్టి గర్భిణులు తినకూడదని ఎఫ్‌డీఏ చెప్పిన చేపల్లో టైల్‌ఫిష్ ఒకటి. న్యూయార్కులో అదే టైల్‌ఫిష్ రెడ్ స్నాపర్, హాలిబట్ పేర్లతో దొరికింది. జాబితా చదివి, డాక్టరునడిగి, అన్నీ చూసుకుని కొనుక్కున్న తల్లి జాగ్రత్త అంతా ఆ ఒక్క పేరు దగ్గర వృథా అయిపోయింది. ఆమెకు, బిడ్డకు ఏమీ కాకపోయినా ఆమెను మోసం చేసినట్టే.

మనకిది మరీ కొత్తేమీ కాదు. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు కదా, ఆ మోజే పెట్టుబడిగా సముద్రపు ఇలసను గోదావరి పులసగా అంటగట్టేవాళ్ళున్నారు. అక్కడ పోయేది డబ్బే కాబట్టి నవ్వేసి ఊరుకుంటాం, వ్యాపారంలో ఇవన్నీ మామూలే అంటాం. అయినా అక్కడ చేప మొత్తం మన కళ్ళ ముందుంటుంది. మొప్పలెత్తి చూస్తాం, పక్కనున్న పెద్దాయన్నడుగుతాం. తల తీసి, తోలు ఒలిచి, ముక్క చేసి, గడ్డకట్టించి, సముద్రాలు దాటించాక చూడ్డానికేముంది? కంటితో పోల్చుకోగలిగినవన్నీ పోయి పేరొక్కటే మిగులుతుంది. చూసి కొనే వీలు తగ్గేకొద్దీ పేరు పెట్టేవాడి బాధ్యత పెరగాలి. జరుగుతున్నది దానికి తిరకాసు.

ఎందుకంటే అడిగితే అందరూ ఒకటే చెబుతారు: "నాకొచ్చిన పేరే నేను రాశాను." కొట్టువాడు టోకు వర్తకుణ్ణి, అతను దిగుమతిదారుణ్ణి, ఆయన ఎక్కడో ఉన్న ఫ్యాక్టరీని చూపిస్తారు. వీళ్ళలో కొందరు నిజంగానే ఏమీ ఎరగనివాళ్ళు కావచ్చు. కానీ ఎరగకపోవడం వేరు, ఎరగనక్కర్లేదనుకోవడం వేరు. 2008లో న్యూయార్కులో ఇద్దరు హైస్కూలు అమ్మాయిలు కొట్లలో, హోటళ్ళలో 60 నమూనాలు సేకరించి డీఎన్ఏ పరీక్షకు పంపారు. గుర్తించగలిగిన వాటిలో నాలుగోవంతుకి పేరు తప్పని తేలింది. బడిపిల్లలు చేయగలిగిన పని టన్నులకొద్దీ కొనే వ్యాపారికి చేతకాదంటే నమ్మడం కష్టం. తెలుసుకునే స్తోమత ఎవరికి ఎక్కువుందో బాధ్యత వాళ్ళదే ఎక్కువ. ఈ గొలుసులో ఆ స్తోమత అందరికంటే తక్కువున్నది తినేవాడికి, నష్టం వచ్చి పడేదీ వాడిమీదే.

"ఇదేం చేపో నాకు తెలీదు" అని చెప్పగలిగినవాణ్ణి నేను నమ్ముతాను. కొనాలో మానాలో నేను తేల్చుకోవచ్చు. పెట్టె మీద ఆ మాట రాస్తే సరుకు అమ్ముడుపోదు. అందుకే తెలియనిచోట కూడా ఏదో ఒక పేరు రాస్తారు. అబద్ధం మొదలయ్యేది అక్కడే. లోపల విషముందా లేదా అన్నది ఆ తర్వాతి సంగతి.