చెరసాలలో వారికి చోటెక్కడ?

న్యాయస్థానము ఒక మనుష్యునికి చెరశిక్ష విధించినప్పుడు అతనియొద్దనుండి తీసికొనునదేమి? అతని స్వేచ్ఛ. అంతకు మించి అతని దేహమునైనను మానమునైనను తీసికొనుటకు ఎవరికిని అధికారము లేదు. దీనిని ఒప్పుకొనుట సులభమే. అయితే పురుషుల వార్డు, స్త్రీల వార్డు అను రెండు ద్వారములు మాత్రమేయున్న చెరసాలకు ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని తీసికొనివచ్చినప్పుడు మన ఒప్పుకోలు పరీక్షింపబడును.

1894వ సంవత్సరపు ప్రిజన్స్ ఆక్టు స్త్రీలను పురుషులను వేరుగా ఉంచవలెనని శాసించెను. ఆ నియమము మంచిదే గాని, ఈ రెండు వర్గములలో ఇమడనివారిని గూర్చి అది తలంపలేదు. హైదరాబాదు సంస్థానపు 1919వ సంవత్సరపు చట్టమైతే హిజ్రాల పేళ్లను పట్టీలో వ్రాయించి, స్త్రీవస్త్రములతో వీధిలో కనబడినవారిని వారంటు లేకయే పట్టుకొనుటకు అధికారమిచ్చెను. తెలంగాణ హైకోర్టు 2023లో దానిని కొట్టివేసెను.

అమెరికాలో డీ ఫార్మర్ అను ట్రాన్స్‌జెండర్ ఖైదీని 1989లో పురుషుల చెరసాలలో సామాన్య ఖైదీల మధ్య ఉంచిరి. అచ్చట తనపై అత్యాచారము జరిగెనని ఆమె వ్యాజ్యము వేసెను. ఖైదీకి గొప్ప అపాయమున్నదని ఎరిగియు లక్ష్యపెట్టని అధికారి, రాజ్యాంగము నిషేధించిన క్రూరశిక్షకు బాధ్యుడగునని 1994లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. "ఎరిగియు" అను మాటను గమనింపుడి. యాకోబు కూడ తన పత్రికలో, మేలు తెలిసియు మానుటను పాపముల లెక్కలో చేర్చెను గదా.

మన దేశములో 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు వీరి హక్కులను గుర్తించెను. 2022 జనవరి 10న కేంద్ర హోంశాఖ రాష్ట్రములకు లేఖ వ్రాసి, వీరికి వేరు వార్డులు, వేరు స్నానగదులు ఏర్పరచవలెననియు, ఆ వేరుచేయుట ఒంటరితనముగాను అవమానముగాను మారకూడదనియు సూచించెను. ఇది జ్ఞానముగల హెచ్చరిక. కాపాడుటకని ఒకనిని నెలల తరబడి ఏకాంతపు కొట్టులో మూసిపెట్టినయెడల, ఆ కాపుదలయే రెండవ శిక్షయగును.

స్త్రీల వార్డులోనివారి భయమో? దానిని చిన్నచూపు చూడరాదు. వారిలో హింసను అనుభవించినవారున్నారు. కావున ఒక్కొక్కరి విషయమును విడిగా విచారించి, ఇరుపక్షముల అపాయమును తూచి చోటు నిర్ణయింపవలెను. ఒకరి భయము తీర్చుటకు మరియొకరిని తోడేళ్ల మధ్యకు త్రోయుట న్యాయము కాదు.

దేహమును గూర్చియు లింగమును గూర్చియు విశ్వాసులలో భిన్నాభిప్రాయములు ఉండవచ్చును. అవి తేలువరకు ఖైదీ రాత్రి ఆగదు. సమరయుడు గాయపడినవాని మతమును విచారించి తరువాత నూనె పోయలేదు.

యిర్మీయాను బురద గోతిలో దింపినప్పుడు అతని పక్షముగా రాజుతో మాటలాడినవాడెవడు? కూషీయుడైన ఎబెద్మెలెకు, రాజగృహములోని షండుడు. త్రాళ్లు చంకలను కోయకుండ పాతగుడ్డలను అడుగున పెట్టుకొమ్మని అతడు ప్రవక్తకు చెప్పెను. ఖైదీ ప్రాణమునే గాక అతని చర్మమును గూర్చియు అతడు చింతించెను! ఆనాటి షండులును ఈనాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తులును ఒక్కటేయని చెప్పుట నా ఉద్దేశము కాదు. అయినను లోకము వెలివేసిన షండులకు తన ప్రాకారములలోపల స్థలమిత్తునని యెషయా 56వ అధ్యాయములో వాగ్దానము చేసిన దేవుడు, మన చెరసాలల ప్రాకారములలోపల జరుగుదానిని చూడకుండునా?

ప్రియ చదువరీ, క్రిస్మస్ దినములలో చెరసాలలకు రొట్టెలును పండ్లును తీసికొనిపోవు సంఘములు మనకున్నవి. ఈసారి వెళ్లినప్పుడు అధికారిని మర్యాదగా ఒక్క ప్రశ్న అడుగుడి: "ఇట్టివారు ఇక్కడ రాత్రి ఎక్కడ నిద్రించుచున్నారు? క్షేమముగా ఉన్నారా?" తాను చెరసాలలో ఉంటినని చెప్పిన ప్రభువు, ఏ వార్డులోనని చెప్పలేదు.