పడవెక్కమన్న ప్రభువు

ధ్యానభాగం: మార్కు సువార్త 6:30–34

వేసవి సెలవులు ఇవ్వగానే మన గంపలగూడెం ఇళ్లలో పాపికొండల మాట వస్తుంది. లాంచీ ఎక్కాల్సిందేనని పిల్లలు పట్టుబడతారు. తిరువూరు, సత్తుపల్లి మీదుగా భద్రాచలం చేరి పోచవరంలో ఎక్కుదామా, రాజమండ్రి వైపు నుంచి వెళదామా అని పెద్దలు లెక్కలు వేస్తారు. సరిగ్గా అప్పుడే మామిడి కోత. గాలివాన రాకముందే బంగినపల్లి కాయ దించాలి, నున్న మార్కెట్టుకు తోలాలి. "వచ్చే ఏడు చూద్దాంలే" అనేస్తాం.

ప్రభువు తన శిష్యులతో అలా అనలేదు. ఊరూరా తిరిగి సేవ చేసి వచ్చారు వాళ్లు. వచ్చేపోయే జనంతో అన్నం తినే తీరిక కూడా లేకపోయిందని మార్కు రాశాడు. పని ఇంకా మిగిలే ఉంది. అయినా అది తెమిలేదాకా ఆగమనలేదాయన. జనం లేని చోట కాసేపు సేదదీరాలని పడవెక్కించాడు.

తిండికి తీరిక లేనివారిని ఆయన గమనించాడు. మన ఇంట్లో అలాంటి మనిషి ఎవరు? చాలా ఇళ్లలో అమ్మే. ప్రయాణమంటే ఆమెకు రెట్టింపు చాకిరీ. తెల్లవారకముందే లేచి పులిహోర కలుపుతుంది, పెరుగన్నం డబ్బాకు మూత బిగిస్తుంది, పిల్లల బట్టలు సర్ది అందరికంటే ఆఖరున బండెక్కుతుంది. అక్కడా అందరికీ వడ్డించి, మిగిలింది తింటుంది. ఈ యాత్రలో ఆమెకు సెలవేదీ? ఈసారి ఏ రోజు వెళ్లాలో, ఎక్కడ ఆగాలో ముందు ఆమెనే అడగండి. భోజనం కూడా పెట్టే లాంచీకి టికెట్లు తీసుకోండి. లేదంటే ఆ పూట పులిహోర నాన్న కలపాలి.

పాపికొండలను 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైబడిన ఆ అడవిలో చిరుతలు, అడవిదున్నలు ఉంటాయి, కొండరెడ్ల ఊళ్లూ ఉన్నాయి. గూట్లో పిల్లలను పొదువుకున్న తల్లిపక్షిని పట్టవద్దని ద్వితీయోపదేశకాండంలో ఆజ్ఞ ఇచ్చిన దేవుడు ఆ అడవికీ యజమాని. ప్లాస్టిక్ సీసా గోదాట్లోకి విసరకూడదని పిల్లలకు ఇంటి దగ్గరే చెప్పండి. పేరంటాలపల్లిలో వెదురు బుట్ట కొంటే గీచి గీచి బేరమాడకండి. లాంచీలో లైఫ్ జాకెట్ విప్పకండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగి ఎన్ని ఇళ్లు చీకటయ్యాయో మనకు తెలుసు. జాగ్రత్తపడితే విశ్వాసం తగ్గిపోదు.

ఆ రోజు శిష్యుల ప్రయాణం అనుకున్నట్టు సాగలేదు. జనం కాలినడకన ముందే అక్కడికి చేరిపోయారు. ప్రభువు విసుక్కోలేదు, వాళ్లను చూసి జాలిపడ్డాడు. మన ప్రయాణం రోజునే కోత కూలీలు రావచ్చు, నీళ్లు చాలక లాంచీలు ఆగిపోవచ్చు. ఆ కోపం పిల్లల మీద చూపించకండి. ఇంకో రోజు చూసుకోండి, కానీ ఈ వేసవిలోనే.

ప్రార్థన: ప్రభువా, మా ఇంట్లో అలసినవారిని మా కళ్లకు చూపించు. వారికి విశ్రాంతినిచ్చే మనసు మాకివ్వు. గోదావరి మీద మమ్మల్ని కాపాడు. కచ్చులూరులో తమవారిని పోగొట్టుకున్న కుటుంబాలను ఓదార్చు. యేసు నామమున అడుగుచున్నాము, ఆమేన్.