కాపలా కింద శాంతి



పొలం గట్టు మీద ఇద్దరు అన్నదమ్ములు కర్రలు పట్టుకుంటే ఊరి పెద్దలు వస్తారు. కర్రలు కింద పెట్టించి, తగువు తేలేదాకా ఎవరూ గట్టు దాటవద్దని చెప్పి పోతారు. ఆ రాత్రి ఎవరికీ దెబ్బలు తగలవు. అయితే ఆ రాత్రిని శాంతి అనవచ్చునా? రెండు రాష్ట్రాల విషయంలో ఈ ప్రశ్న మనం అడుగవలసిన రోజు 2023లో వచ్చింది.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. నవంబరు 30న, అవతల తెలంగాణలో శాసనసభ ఎన్నికల పోలింగు జరుగుతున్న రోజున, ఆంధ్రప్రదేశ్ పోలీసులు నాగార్జునసాగర్ ఆనకట్ట మీదికి వెళ్ళి 26 గేట్లలో 13 గేట్ల వరకు తమ అధీనంలోకి తెచ్చుకున్నారు. కుడి కాలువకు నీరు వదిలారు. తాగునీటికోసమే వదిలామని మన ప్రభుత్వం చెప్పింది. ఇది దౌర్జన్యమని అటువారు అన్నారు. ఆనకట్ట మీద ముళ్ళకంచె వెలిసింది. కంచెకు ఇటు ఉన్నవారి భాష తెలుగే, అటు ఉన్నవారిదీ తెలుగే. మర్నాడు కేంద్ర హోంశాఖ కార్యదర్శి ఇరువైపుల అధికారులతో మాట్లాడి, నవంబరు 28 నాటి స్థితికి తిరిగి వెళ్ళేటట్టు, ఆనకట్ట కేంద్ర రిజర్వు పోలీసు దళం కాపలాలో ఉండేటట్టు ఒప్పించారు.

నవంబరు నెలాఖరు అంటే ఏమిటో గుంటూరు, ప్రకాశం రైతుకు వేరే చెప్పనక్కరలేదు. మిరప పూత మీద ఉంటుంది. ఒక్క తడి తప్పితే పూత రాలిపోతుంది. కౌలుకు చేసేవాడైతే కౌలు ముందే కట్టి ఉంటాడు, పురుగుమందుల కొట్టులో అప్పు ఉండనే ఉంటుంది. కాలువలో నీళ్ళు కనబడిన ఆ ఉదయం అతనికి సంతోషం కలిగి ఉంటే, దానిని తప్పు పట్టడానికి నాకు మనసు రాదు. కాని నల్గొండ, ఖమ్మం రైతుకు కూడా అదే నవంబరు, అదే అప్పు. పైగా ఎడమ కాలువ చివరి భూములు మన పాత కృష్ణా జిల్లా మెట్టలోనే ఉన్నాయన్న సంగతి మనలో చాలామంది మరచిపోతారు.

ఇది మొదటిసారి కూడా కాదు. 2015 ఫిబ్రవరిలో అదే ఆనకట్ట మీద రెండు రాష్ట్రాల పోలీసులు తలపడ్డారు. ఆ ఏడే 811 టి.ఎం.సి.లలో మనకు 512, వారికి 299 అని తాత్కాలికంగా ఒక ఏర్పాటు జరిగింది. తాత్కాలికమన్న ఆ మాట మీదనే ఎనిమిదేళ్ళు గడిచిపోయాయి. కాపలావాడు చేతులు పట్టుకోగలడు, కొంత వ్యవధి ఇవ్వగలడు. ఆ వ్యవధిని ఏం చేసుకున్నామని అతడు మనల్ని అడగడు.

మధ్యవర్తి ఎంతవరకు చేయగలడో తెలియడానికి దూరదేశపు సంగతి ఒకటి చెబుతాను. దక్షిణ అమెరికా కొసన బీగల్ జలసంధి దగ్గర మూడు చిన్న దీవుల కోసం చిలీ, అర్జెంటీనా 1978 డిసెంబరులో యుద్ధం అంచుదాకా వచ్చాయి. రెండూ కతోలిక దేశాలే! ఒకే మతం వారి చేతులు పట్టుకోలేదు, ఒకే భాష మనవి పట్టుకోనట్టే. జగద్గురువులు రెండవ జాన్ పాల్ గారు తమ దూతగా 73 ఏళ్ళ కార్డినల్ అంటోనియో సమోరె గారిని పంపారు. ఆయన రెండు రాజధానుల మధ్య తిరిగి, 1979 జనవరి 8న బలప్రయోగం చేయబోమని ఇరువురి చేత సంతకం చేయించారు. అక్కడినుండి దాదాపు ఆరేళ్ళు పట్టింది. 1980లో జగద్గురువులు చేసిన ప్రతిపాదనను చిలీ ఒప్పుకొంది, అర్జెంటీనా ఒప్పుకోలేదు. 1983లో సమోరె గారు ఫలితం చూడకుండానే కన్నుమూశారు. అర్జెంటీనాలో సైనిక పాలన పోయాక, 1984 నవంబరులో ప్రజలనే ఓటు అడిగారు. ఓటు వేసినవారిలో నూటికి ఎనభైమందికి పైగా సరేనన్నారు. దేనికి సరేనన్నారో గమనించండి. ఆ మూడు దీవులు అవతలివారివే అన్నదానికి! కార్డినల్ గారు సంపాదించి పెట్టింది ఆరేళ్ళ వ్యవధి. వదులుకున్నది మాత్రం ఆ ప్రజలే.

ఈ ఏడు మన వాటాలో ఒక తడి నీరు అవతలివారికి వదులుదామా అని పిడుగురాళ్ళలో ఒక ఓటు, అటు మిర్యాలగూడలో ఒక ఓటు పెడితే ఏమవుతుంది? నా ఓటు ఎటు పడుతుందో నేనే గట్టిగా చెప్పలేను. పంట ఎండుతున్నవాడిని పోయి త్యాగం చేయమనడం ఎండని పొలం ఉన్నవాడికి తేలిక. అయినా ఆ ప్రశ్న మన చర్చలలో ఎన్నడూ రాకపోవడం నన్ను కలతపెడుతుంది. మన వాటా ఎంతో అందరికీ నోటికి వచ్చు. వారి వాటాతో వారు ఏమి పండిస్తారో ఎంతమందికి తెలుసు?

ఆ 2023లోనే, ఆనకట్ట గొడవ జరిగిన రెండు వారాలకు, కార్తీక అమావాస్యకు కారంపూడిలో పల్నాటి వీరుల ఉత్సవం వచ్చింది. కథ మనకు తెలిసినదే. గురజాల, మాచర్ల పక్కపక్క రాజ్యాలు. కోడిపందెంలో ఓడిన మాచర్లవారు ఏడేళ్ళు వలస పోయారు. ఆ ఏడేళ్ళూ యుద్ధం లేదు, ఒక విధంగా శాంతే. గడువు తీరాక, తమ రాజ్యం తమకిమ్మని అడగడానికి అలరాజును రాయబారం పంపారు. అతడు గురజాల రాజుకు స్వయాన అల్లుడు. తిరుగు ప్రయాణంలో చర్లగుడిపాడు దగ్గర అతనికి విషం పెట్టారని వీరవిద్యావంతులు పాడతారు. ఆ తరువాతదే నాగులేటి ఒడ్డున జరిగిన యుద్ధం.

అయిదు రోజుల ఆ ఉత్సవంలో రెండవ రోజుకు రాయబారం అనే పేరు. చాలామంది కోడిపోరు చూడటానికి వెళతారు. వీలైతే ఈసారి మీరు రెండవ రోజున వెళ్ళండి. కృష్ణకు అవతల బంధువులెవరైనా ఉంటే వారికీ కబురు పెట్టండి.